బ్యాంకు లెక్కలో ఎవరి గోడు ముఖ్యం?

పెద్ద బ్యాంకుల వార్షిక నివేదికల్లో, లాభనష్టాల పట్టికలకు చాలా ముందు, రంగురంగుల బొమ్మ ఒకటి కనిపిస్తుంది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, నడుమ చెల్లాచెదురుగా చుక్కలు. అడ్డగీత కింద ‘బ్యాంకు వ్యాపారానికి ఎంత ముఖ్యం’ అని, నిలువుగీత పక్కన ‘స్టేక్‌హోల్డర్లకు ఎంత ముఖ్యం’ అని రాసి ఉంటుంది. స్టేక్‌హోల్డర్లంటే మదుపరులు, ఉద్యోగులు, ఖాతాదారులు, ఇలా బ్యాంకు పనితో మంచికో చెడుకో ముడిపడినవారంతా. ఒక్కో చుక్క ఒక్కో అంశం: సైబర్ భద్రత, ఉద్యోగుల ఆరోగ్యం, కాగితం వాడకం, వాతావరణ మార్పు, ఇలా. కుడివైపు పై మూలకు చేరినవాటిని బ్యాంకు నెత్తిన పెట్టుకుంటుంది. ఎడమవైపు అడుగున మిగిలినవాటి గురించి నివేదికలో రెండు వాక్యాలుంటే గొప్ప. ఈ బొమ్మ వెనుక జరిగే కసరత్తును మెటీరియాలిటీ అసెస్‌మెంట్ అంటారు. ముఖ్యాంశాల నిర్ధారణ అని చెప్పుకోవచ్చు.

నాలుగైదు బ్యాంకుల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే పై మూలన చాలావరకు అవే పేర్లు కనిపిస్తాయి. ఖాతాదారుల సమాచార భద్రత, నైతిక పాలన, ఖాతాదారుల సంతృప్తి, అందరికీ ఆర్థిక సేవలు. నీరు, నేల, జీవవైవిధ్యం అడుగున ఎక్కడో ఉంటాయి, లేదా ఉండనే ఉండవు. చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దించినా బోరులో తడి తగలని ఏళ్లు చూసినవారికి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడి పంటకు, పశువులకు, పండ్లతోటకు అప్పు ఇచ్చింది బ్యాంకులే. నీళ్లు లేక పంట పోతే మొండిబాకీ రాసుకోవాల్సిందీ బ్యాంకులే. మరి నీరు ముఖ్యం కానిదెలా అయింది?

ఇందులో మోసమేమీ లేదు. కూడికలూ గుణకారాలూ సరిగ్గానే చేసి ఉంటారు. ఏ కొలతతో కొలిచారు, ఎవరిని అడిగారు అన్న రెండు చోట్లే ఫలితం దాదాపు తేలిపోతుంది. ఆ రెండు చోట్లనూ తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉదాహరణలతో విప్పి చూడడమే ఈ వ్యాసం పని.

ముందుగా, బ్యాంకు ఈ పని ఎందుకు చేస్తుందో క్లుప్తంగా. 2021 మే నెలలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక అన్నమాట. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019లో ప్రకటించిన 9 సూత్రాలు దీనికి పునాది. నివేదిక మొదటి భాగంలోనే ఒక పట్టిక నింపాలి: మీకు ముఖ్యమైన అంశం ఏమిటి, అది ముప్పా అవకాశమా, ఎందుకలా అనుకుంటున్నారు, ముప్పయితే ఏం చేస్తున్నారు, దానివల్ల డబ్బుపరంగా మంచి జరుగుతుందా చెడు జరుగుతుందా. ఇక నాలుగో సూత్రం కింద మరో పట్టిక ఉంది. మీ స్టేక్‌హోల్డర్లు ఎవరు, వారిలో బలహీన వర్గాలు, అట్టడుగు వర్గాలు ఉన్నాయా, వారితో ఎలా, ఎన్నాళ్లకొకసారి మాట్లాడుతున్నారు అని అడుగుతుంది. నా మటుకు నాకు నివేదిక మొత్తంలో చదవదగ్గ పట్టిక ఇదే. జనం మాత్రం రంగుల బొమ్మ చూసి పేజీ తిప్పేస్తారు.

పల్లెకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే గ్రామీణ బ్యాంకులకు ఈ బాధ్యత లేదు, అవి స్టాక్ మార్కెట్‌లో లిస్టయినవి కావు కాబట్టి. చిత్తూరు ప్రధాన కార్యాలయంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. దాని స్పాన్సర్ అయిన యూనియన్ బ్యాంకు లిస్టెడ్ సంస్థ, దానికి సెబీ నిబంధన వర్తిస్తుంది. పల్లె శాఖలో కూర్చున్న మేనేజరుకు వర్తించదు.

కొలబద్ద ఎవరిది?

ముఖ్యం అనగానే ఎవరికి ముఖ్యం అన్న ప్రశ్న వస్తుంది. ప్రపంచంలో దీనికి రెండు పెద్ద జవాబులున్నాయి.

మొదటిది మదుపరి జవాబు. ఐఎస్‌ఎస్‌బీ అనే అంతర్జాతీయ మండలి 2023 జూన్‌లో ఎస్1, ఎస్2 అనే రెండు ప్రమాణాలను విడుదల చేసింది. వాటి ప్రకారం, ఒక సమాచారాన్ని దాచినా తప్పుగా చెప్పినా మదుపరులు, అప్పిచ్చినవారు తీసుకునే నిర్ణయం మారిపోయే అవకాశం ఉంటే అది ముఖ్యమైనదే. చూపంతా బ్యాంకు ఖజానా మీద. బయటి ప్రపంచం బ్యాంకును ఏం చేస్తుందన్నదే ప్రశ్న.

రెండోది ప్రభావం జవాబు. జీఆర్‌ఐ అనే సంస్థ 2021లో సవరించి, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ప్రమాణాలు చూపును తిప్పేశాయి. బ్యాంకు చేసే పనివల్ల ఆర్థిక వ్యవస్థకు, పర్యావరణానికి, మనుషులకు, వారి హక్కులకు ఏం జరుగుతోంది? ఆ జరిగేదాంట్లో పెద్దవి ఏవో అవే ముఖ్యాంశాలు. బ్యాంకు లాభం తగ్గుతుందా పెరుగుతుందా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. యూరప్ తన చట్టంలో ఈ రెంటినీ కలిపి, ఏ ఒక్క కోణంలో ముఖ్యమనిపించినా చెప్పి తీరాలంది. మన బీఆర్‌ఎస్‌ఆర్ పట్టిక ముప్పు, అవకాశం, డబ్బు ప్రభావం అని అడుగుతుంది కాబట్టి మదుపరి వైపు మొగ్గినట్టు ఉంటుంది. దాని 9 సూత్రాల్లో మాత్రం రెండో కోణం దండిగా ఉంది.

చెబితే ఇది శాస్త్రచర్చలా ఉంటుంది గానీ నగరి వెళ్తే తేడా కంటికి కనిపిస్తుంది. నగరి, పుత్తూరు ప్రాంతంలో మరమగ్గాలున్నాయి, వాటికి అనుబంధంగా నూలుకు రంగులద్దే యూనిట్లున్నాయి. అలాంటి యూనిట్ ఒకటి ఒక బ్యాంకు శాఖ నుంచి పాతిక లక్షల క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి దాకా అవసరం కొద్దీ తీసి వాడుకునే అప్పు, తీసుకుందనుకుందాం. తాకట్టు గట్టిగా ఉంది, వడ్డీ నెలనెలా పడుతోంది. లక్షల కోట్ల వ్యాపారం చేసే బ్యాంకుకు ఈ పాతిక లక్షలు సముద్రంలో చుక్క. మదుపరి కొలబద్దతో చూస్తే ఇక్కడ చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ఇప్పుడు రెండో కొలబద్ద పెడదాం. శుద్ధి చేయని రంగునీరు కుశస్థలి నదిలోకి వదిలితే అది నగరి దాటి తమిళనాడు వైపు, చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయం దిశగా వెళ్తుంది. దారి పొడవునా బావులున్నాయి, పశువులున్నాయి. ఆ బావుల యజమానులకు ఈ బ్యాంకులో ఖాతా ఉండకపోవచ్చు, వారిలో కొందరిది ఈ రాష్ట్రమే కాదు. అయినా బ్యాంకు డబ్బుతో నడిచే పని వారి నీటిని తాకుతోంది. ఈ కోణంలో చూస్తే పాతిక లక్షల అప్పుకు దాని సైజుతో పోలిక లేని బరువుంది.

ఈ రెండు కొలబద్దలూ ఎప్పటికీ కలవవా అంటే, కలుస్తాయి, ఆలస్యంగా. కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు ఇచ్చిన రోజు యూనిట్ ఆగిపోతుంది. వడ్డీ ఆగిపోతుంది. 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. నిన్నటిదాకా నది సమస్యగా ఉన్నది ఆ రోజు నుంచి బ్యాంకు సమస్య అవుతుంది. ప్రభావాన్ని ముందే కొలిచిన బ్యాంకుకు ఆ ముప్పు కొన్నేళ్లు ముందుగా కనపడుతుంది. రెండో కొలబద్దను దయాధర్మాల పద్దులో వేసే ఆర్థిక నిపుణులు ఈ సంగతి మరిచిపోతుంటారు.

చుక్క ఎలా పుడుతుంది?

సాధారణంగా పని ఇలా సాగుతుంది. ప్రధాన కార్యాలయంలోని సుస్థిరత విభాగం, చాలాసార్లు ఒక కన్సల్టెన్సీ సాయంతో, అంశాల పొడుగాటి జాబితా తయారు చేస్తుంది. తోటి బ్యాంకుల నివేదికలు, అంతర్జాతీయ ప్రమాణాల్లో బ్యాంకింగ్ రంగానికి ఇచ్చిన అంశాలు, రిజర్వు బ్యాంకు ఆదేశాలు, ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) రేటింగ్ సంస్థలు అడిగే ప్రశ్నలు, ఇవన్నీ ఏరి ఒకచోట చేరుస్తారు. ఒకేలాంటివి కలిపేసి, పాతిక ముప్పై అంశాలకు కుదిస్తారు. తోటి బ్యాంకుల నివేదికల నుంచి ఏరడంతోనే మొదలవుతుంది కనుక బొమ్మలన్నీ అన్నదమ్ముల్లా ఉండడంలో వింత లేదు. తోటి బ్యాంకు జాబితాలో లేని అంశం మన జాబితాలోకి రావడానికి దారే సన్నగా ఉంటుంది.

తర్వాత సర్వే. ప్రతి అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయమంటారు. ఉద్యోగులకు మెయిల్, మదుపరులకు మెయిల్, ఖాతాదారుల్లో కొందరికి లింకు. వచ్చిన మార్కులను సమూహాలవారీగా సగటు తీసి, ఒక్కో సమూహానికి ఇంత బరువు అని గుణించి, కూడతారు. నిలువుగీత మీద చుక్క ఎత్తు అదే. అడ్డగీత లెక్క బ్యాంకు ఉన్నతాధికారులు వేస్తారు. ఆ తర్వాత బోర్డు కమిటీ ఆమోదం.

ఈ బరువుల సంగతి నివేదికల్లో చాలా తక్కువగా బయటికొస్తుంది. అందుకే ఒక ఊహాజనిత లెక్క వేసి చూద్దాం. మూడే సమూహాలున్నాయనుకుందాం: మదుపరులు, ఉద్యోగులు, రైతు ఖాతాదారులు. సమాచార భద్రతకు మదుపరులు 5, ఉద్యోగులు 4, రైతులు 3 వేశారు. పంట నష్టం, నీటి ఎద్దడి ముప్పుకు మదుపరులు 3, ఉద్యోగులు 3, రైతులు 5 వేశారు. బరువులు వరుసగా 50, 30, 20 శాతం అయితే సమాచార భద్రతకు 4.3, పంట ముప్పుకు 3.4 వస్తాయి. చుక్కల ఎత్తు తేలిపోయింది. అవే మార్కులు ఉంచి, బరువులు మాత్రం 20, 20, 60 చేయండి. సమాచార భద్రత 3.6కు దిగుతుంది, పంట ముప్పు 4.2కు ఎక్కుతుంది. ఎవరి అభిప్రాయమూ మారలేదు. ఎవరి మాటకు ఎంత విలువ అన్న నిర్ణయం ఒక్కటే మారింది, అది సర్వేకు ముందే జరిగింది.

ఈ బరువులు వేయడానికి కన్సల్టెంట్లు వాడే పాత పనిముట్టు ఒకటుంది. నాలుగు గళ్ల పట్టిక. ఒకవైపు స్టేక్‌హోల్డరుకు సంస్థ మీద ఉన్న పట్టు, మరోవైపు అతడికున్న ఆసక్తి. పట్టూ ఆసక్తీ రెండూ ఉన్నవారిని దగ్గరగా కనిపెట్టుకోవాలి. రెండూ లేనివారిని అప్పుడప్పుడు చూస్తే చాలు.

తిరుపతిలో ఈ పట్టికను నింపడం తేలిక. టీటీడీ 2022 నవంబరులో విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో దాని నగదు డిపాజిట్లు 15,900 కోట్ల రూపాయలకు పైన, బంగారం డిపాజిట్లు 10 టన్నులకు పైన. ఇంత డిపాజిట్ పెట్టేవారు వడ్డీ రేటు గురించో, భద్రత గురించో ఒక మాటంటే ఏ బ్యాంకు చైర్మనైనా స్వయంగా వచ్చి వింటారు. వినాలి కూడా, అది భక్తుల సొమ్ము. అదే ఊళ్లో కపిలతీర్థం దారిలో తోపుడుబండి మీద పూలమ్మే మహిళ వీధి వ్యాపారులకు అప్పులిచ్చే స్వనిధి పథకం కింద కొన్ని వేల రూపాయల అప్పు తీసుకుని ఉంటుంది. పట్టు లేదు, సర్వే గురించి ఆసక్తి అసలే లేదు. ఆమె నాలుగో గడిలో పడుతుంది.

ఆ పట్టికను తప్పుపట్టలేం, అది వేరే పని కోసం పుట్టింది. సంస్థకు ఎవరివల్ల ఇబ్బంది రావచ్చో పసిగట్టడానికి అది పనికొస్తుంది. సంస్థవల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతోందో దానికి తెలియదు. ముఖ్యాంశాల నిర్ధారణకు దాన్ని వాడినప్పుడు గొంతు పెద్దగా ఉన్నవారి సమస్య పెద్ద సమస్యగా నమోదవుతుంది. జీఆర్‌ఐ తన కొత్త ప్రమాణాల్లో ‘స్టేక్‌హోల్డర్ల నిర్ణయాల మీద ప్రభావం’ అనే పాత గీతను పక్కనపెట్టి, ప్రభావం తీవ్రతనే కొలతగా తీసుకోవడం నాకు సబబుగా తోచింది.

సర్వే లింకు అందనివారు

కౌలు రైతునే తీసుకోండి. పాసు పుస్తకం భూ యజమాని పేరున ఉంటుంది. పంట రుణం చాలాసార్లు ఆ పాసు పుస్తకం మీదే పుడుతుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందంతో కౌలుదారుకు సాగు హక్కు కార్డు ఇస్తారు, దాని మీద బ్యాంకు అప్పు ఇవ్వవచ్చు. కానీ ఆ ఒప్పందానికి భూ యజమాని సంతకం కావాలి, యజమానులు వెనకాడతారు. సంతకం దొరకని కౌలుదారు బయట మూడు రూపాయల వడ్డీకో, మండీ వ్యాపారి ఇచ్చే అడ్వాన్సుకో తల ఊపుతాడు. అతడు బ్యాంకు ఖాతాదారుల జాబితాలో రుణగ్రహీతగా లేడు కాబట్టి సర్వే జాబితాలోనూ లేడు. అందరికీ ఆర్థిక సేవలు అన్న చుక్క బొమ్మలో పై మూలన మెరుస్తూ ఉంటుంది. ఆ సేవ అందనివాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగినా ఇంకో చిక్కుంది. ఈ జిల్లాల్లో పంట రుణాల్లో పెద్ద వాటా బంగారం మీద నడుస్తుంది. జూన్ నెలలో బంగారుపాళెం వైపు ఏ శాఖకైనా వెళ్లండి. బంగారం విలువ కట్టే అప్రైజర్ బల్ల ముందు బెంచీ మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. చేతిలో పాత రసీదు, పక్కన ఆధార్ జిరాక్సు. అసలు కట్టే వీలు లేదు, వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. వారి మధ్య నడిచే మాటలు: బోరులో నీళ్లు తగ్గాయి, కాయ సైజు రాలేదు, ఫ్యాక్టరీ వాడు టోకెన్ ఇవ్వలేదు, గొలుసు ఇంకో ఏడాది లోపలే ఉంటుంది. వారి ముందు ‘వాతావరణ సంబంధిత ఆర్థిక ముప్పుకు 5కు ఎన్ని మార్కులు వేస్తారు’ అన్న కాగితం పెడితే ఏం వేస్తారు? మధ్యలో ఏదో ఒకటి వేసి పంపేస్తారు. ఆ బెంచీ మీద నీటి ఎద్దడి, పంట బీమా, ధరల పతనం, రుణభారం అనే నాలుగు ముఖ్యాంశాలు అప్పటికే చర్చకొచ్చేశాయి. వాటిని విని, తర్జుమా చేసి, ప్రధాన కార్యాలయపు భాషలోకి ఎక్కించే మనిషి కావాలి. ఆ మనిషి సర్వే బడ్జెట్‌లో ఉండడు.

ఈ పని చేయగలవారు లేక కాదు. డ్వాక్రా సంఘాల సమాఖ్యలున్నాయి, పల్లెల్లో నగదు ఇచ్చిపుచ్చుకునే బ్యాంకు మిత్రలున్నారు. ఖాతా ఎందుకు మూగబోయిందో, ఏ ఇంట్లో ఎవరు వలస వెళ్లారో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

సమాచార భద్రత పై మూలన ఉండడం అన్యాయమని నేననడం లేదు. తిరుమల గదులు, దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తులను దోచుకున్న కేసులు ఇక్కడ కొత్త కాదు. ఓటీపీ చెప్పి పింఛను సొమ్ము పోగొట్టుకున్న వృద్ధుడికి అది వాతావరణ మార్పు కంటే దగ్గరి కష్టం. నా అభ్యంతరం ఆ చుక్క మీద కాదు, దాని పక్కన ఉండాల్సినవి అడుగున ఎందుకున్నాయన్న దాని మీద.

తీవ్రతను కొలిచే తీరు

ప్రభావాన్ని కొలవడానికి జీఆర్‌ఐ ఇచ్చిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. చెడు ఎంత తీవ్రమైనది? ఎంతమందికి, ఎంత మేరకు? జరిగాక చక్కదిద్దగలమా? ఇంకా జరగనిదైతే జరిగే అవకాశం ఎంత? మానవ హక్కులకు సంబంధించినదైతే అవకాశం తక్కువని వదిలేయకూడదు, తీవ్రతకే పెద్దపీట.

2025 మామిడి సీజన్‌ను ఈ ప్రశ్నల ముందు పెడదాం. చిత్తూరు జిల్లాలో తోతాపురి దిగుబడి ముంచెత్తింది. అప్పటికే గుజ్జు పరిశ్రమల దగ్గర పాత నిల్వలున్నాయి. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రావాలని నిర్ణయించి, అందులో 8 రూపాయలు పరిశ్రమలు, 4 రూపాయలు తాను ఇచ్చేలా ప్రకటించింది. బయటి రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా కలెక్టరు ఆంక్షలు పెట్టారు, కర్ణాటక అభ్యంతరం చెప్పింది. అంత చేసినా గిట్టుబాటు కాక కాయలు పారబోసిన రైతులున్నారు.

ఇందులో బ్యాంకు ఎక్కడుంది? గొలుసులో మూడు చోట్ల ఉంది. తోట మీద, బంగారం మీద రైతుకిచ్చిన అప్పు. కాయ కొనే ర్యాంపు వ్యాపారికిచ్చిన అప్పు. గుజ్జు ఫ్యాక్టరీకి నిల్వల హామీ మీద ఇచ్చిన క్యాష్ క్రెడిట్. ధర పడితే మూడూ ఒకేసారి వణుకుతాయి. మూడు ఖాతాలనూ మూడు వేర్వేరు విభాగాలు చూస్తాయి కాబట్టి ఈ సంగతి ఒకే కాగితం మీదకు రాదు.

అసలు విశేషం ఇంకొకటి. క్యాష్ క్రెడిట్ వాడే ఫ్యాక్టరీ నెలనెలా బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. డ్రమ్ముల్లో గుజ్జు ఎంత మిగిలిందో అందులో ఉంటుంది, దాన్ని బట్టే ఎంత డ్రా చేసుకోవచ్చో లెక్క కడతారు. నిల్వ తరగకుండా సీజన్ దగ్గరపడుతుంటే వచ్చే జూన్‌లో కాయకు గిరాకీ ఉండదని మార్చిలోనే చదువుకోవచ్చు. రైతుకు ఆ సంగతి తెలియదు. బ్యాంకు ఫైల్లో ఉంది. ముఖ్యాంశాల కోసం ముంబయిలో సర్వే చేయించుకునే బ్యాంకు, తన దగ్గర ఉన్న ఈ కాగితాన్ని ఆ లెక్కలో కలపదు.

మూడో ప్రశ్న, చక్కదిద్దగలమా అన్నది, మామిడికీ నీటికీ తేడా చూపిస్తుంది. ఒక ఏడాది ధర పడితే నష్టమే, మరుసటి ఏడాది కోలుకునే వీలుంది. అడుగంటిన భూగర్భ జలం ఒక మంచి వానతో పూర్తిగా తిరిగిరాదు. ఒకే చెరువు కింద వంద బోర్లకు విడివిడిగా అప్పులిచ్చి, ఏ ఒక్క అప్పూ తప్పు కాదని ప్రతి ఫైలు మీదా సంతకం పెట్టవచ్చు. వంద కలిపి చూస్తే తప్పే. ఈ కలిపి చూసే పని సర్వేలో జరగదు, పటం ముందు పెట్టుకుని చేయాలి. వరదా అంతే. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ దిగువన బ్యాంకులు ఇచ్చిన ఇళ్ల రుణాలు, పాడి పశువుల రుణాలు ఎన్ని ఉన్నాయో చెప్పగల పటం ఉంటే, వాతావరణ మార్పు అన్న చుక్కకు ఎవరి మార్కులూ అడగనక్కర్లేదు.

కాగితం పొదుపు, అప్పుల పుస్తకం

సుస్థిరత పేజీల్లో బ్యాంకులు ఉత్సాహంగా చెప్పుకునేవి ఎల్‌ఈడీ దీపాలు, కాగితం పొదుపు, మొక్కలు నాటిన ఫోటోలు. మంచివే. కానీ బ్యాంకు వదిలే కర్బనంలో సొంత భవనాలది పిసరంత. అసలు భాగం అది అప్పిచ్చిన సంస్థలు వదిలేది. అంతర్జాతీయ లెక్కల పద్ధతిలో దీన్ని మూడో స్కోపులో, అంటే సంస్థ తాను నేరుగా కాక ఇతరుల ద్వారా వదిలే కర్బనంలో, 15వ వర్గం కింద చూపిస్తారు. థర్మల్ కేంద్రానికి ఇచ్చిన ఒక్క అప్పు ముందు శాఖల్లో మార్చిన బల్బులన్నీ దిగదుడుపే. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన ముసాయిదా ఈ వైపే చూసింది: వాతావరణ ముప్పును ఎవరు పర్యవేక్షిస్తున్నారు, వ్యూహమేమిటి, ముప్పును ఎలా నిర్వహిస్తున్నారు, ఏ కొలతలు, లక్ష్యాలు పెట్టుకున్నారు అన్న నాలుగు అంశాల మీద బ్యాంకులు వివరాలివ్వాలని ప్రతిపాదించింది.

మంచి ప్రభావమూ అప్పుల పుస్తకంలోనే ఉంటుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల ఇంటిపై సౌర పలకలకు కేంద్రం 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇస్తోంది. మిగతా సొమ్ముకు అప్పు సకాలంలో పుట్టకపోతే పథకం కాగితం మీదే ఆగిపోతుంది. కుప్పంలో ఒక దరఖాస్తు శాఖలో ఎన్ని రోజులు నిలిచిందన్న అంకె, ప్రధాన కార్యాలయం పైకప్పు మీద ఎన్ని పలకలున్నాయన్న అంకె కంటే ఎక్కువ చెబుతుంది. మొదటి అంకెను నేను ఏ నివేదికలోనూ చూడలేదు.

నివేదిక చేతికొచ్చినప్పుడు రంగుల బొమ్మను వదిలేసి బీఆర్‌ఎస్‌ఆర్‌లోని ఆ రెండు పట్టికల దగ్గరికి వెళ్లండి. స్టేక్‌హోల్డర్ల పట్టికలో అట్టడుగు వర్గాలు అన్న గడిలో ‘అవును’ అని ఎవరికెదురుగా రాశారో, వారితో మాట్లాడిన మార్గం దగ్గర ఏం రాశారో చూడండి. ‘వెబ్‌సైట్, ఈ-మెయిల్’ అని ఉంటే మాటలు జరగలేదని అర్థం. ముఖ్యాంశాల పట్టికలో ‘ముప్పు’ అని రాసిన అంశానికి ఎదురుగా రుణ విధానంలో ఏ నిబంధన మారిందో వెతకండి. నగరి రంగుల యూనిట్‌కు క్యాష్ క్రెడిట్ ఏటా రెన్యువల్ అయ్యేటప్పుడు కాలుష్య మండలి యూనిట్ నడపడానికి ఇచ్చిన అనుమతి (సీఎఫ్‌ఓ) గడువు చూస్తున్నారా? మురుగునీటి శుద్ధి నడుస్తోందని ఎవరైనా వెళ్లి చూసి రాశారా? నివేదికలో అవగాహన సదస్సులే కనిపిస్తే, రుణ విభాగం దాకా ఆ చుక్క చేరలేదు.

జిల్లా స్థాయిలో దీనికి మరో తలుపు ఎప్పటి నుంచో ఉంది. లీడ్ బ్యాంకు పథకం 1969 నాటిది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీ కూర్చుంటుంది, ప్రజాప్రతినిధులు పాల్గొనే సమీక్షా సమావేశం వేరుగా ఉంటుంది. ఏ రంగానికి ఎంత రుణం అవసరమో నాబార్డు ఏటా జిల్లాకొక అంచనా పుస్తకం ఇస్తుంది. కౌలుదారులకు ఎంత ఇచ్చారు, డ్వాక్రా సంఘాలకు ఎంత చేరింది, పంట బీమా ఎక్కడ ఆగింది అన్నవి అక్కడ బ్యాంకులవారీ అంకెలతో చర్చకొస్తాయి. ముఖ్యాంశాలు వెతికే కన్సల్టెంటు చిత్తూరు, తిరుపతి కలెక్టరేట్లలో జరిగిన ఆ సమావేశాల మినిట్సు రెండేళ్లవి తెప్పించుకుని చదివితే, జాబితా మొదలుపెట్టడానికి తోటి బ్యాంకుల నివేదికలు తిరగేయనక్కర్లేదు.